గొడుగా, బల్లా

విమానానికి రెక్క పైనుండాలా కిందుండాలా అన్న సంగతి మీద, బాత్‌రూమ్ టైల్స్ అమ్ముకునే మనిషి నాకు పాఠం చెప్పిన ఎండాకాలం అది. ఆ మనిషి మా బావ. మా అక్క జీవితంలో చేసిన తప్పు ఒక్కటే, అది పొడుగ్గా, మీసాలతో, ఎప్పుడూ ఫోన్ మాట్లాడుతూ ఉంటుంది.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చి మా ఫ్లయింగ్ స్కూల్ విమానాన్ని కట్టుతాళ్ళతో సహా పీకి బోర్లా పడేసింది. నాలుగు సీట్లది, రెక్క పైనుండేది. నేను పుట్టకముందు నుంచీ నాన్న దాంట్లోనే జనానికి ఎగరడం నేర్పాడు, నాకూ దాంట్లోనే నేర్పాడు, ఇప్పుడు ఆయనతో పాటు నేనూ నేర్పుతున్నాను. చక్రాలు పైకి పెట్టుకుని పడున్న దాని చుట్టూ బావ ఒక ప్రదక్షిణ చేసి, "మా షోరూమ్ ముందు నిలబెట్టుకోడానికి పనికొస్తుందా మావయ్యా?" అన్నాడు. నాన్న జవాబివ్వలేదు. నేనిచ్చాను. ఆ జవాబు ఇక్కడ రాసేది కాదు.

ఇంకొకటి కొనాలి, అదీ సెకండ్‌హ్యాండే, అదీ ఒక్కటే. ఆలస్యం చేస్తే మా స్టూడెంట్లు రన్‌వే అవతలి చివరున్న స్కూల్‌కి పోతారు. అక్కడ చదువు తప్ప అన్నీ బాగుంటాయని పేరు. వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి. ఒకదానికి రెక్క పైన, ఇంకోదానికి కింద. పైరెక్కదాన్ని మేము గొడుగు అంటాం, ఎండొచ్చినా వానొచ్చినా దానికింద దూరొచ్చు కాబట్టి. కిందిరెక్కది బల్ల. దాని పక్కనుంచి వెళ్ళే ప్రతివాడూ టిఫిన్ డబ్బా రెక్క మీద పెట్టి వెళ్తాడు.

గొడుగు మంచిదా బల్ల మంచిదా అన్న గొడవ ప్రతి ఏరోడ్రమ్‌లోనూ ఉంటుంది. అత్తాకోడళ్ళ గొడవలాగా అది తెగదు. రెండూ ఎగురుతాయి, రెండింట్లోనూ మంచి పైలట్లు తయారవుతారు, వెధవలూ తయారవుతారు. కానీ మా ఇంట్లో లెక్క వేరు. గొడుగుకి రెండు వైపులా రెండు తలుపులు. తలుపు తీసి, సీటు మీద కూర్చుని, కాలు లోపలికి లాక్కుంటే సరి. బల్లకి ఒక్కటే తలుపు, కుడివైపు, రెక్క మీదికి తెరుచుకుంటుంది. మెట్టు మీద కాలుపెట్టి, ఒళ్ళు పైకి లేపి, రెక్క మీద నడిచి, నడుం వంచి లోపలికి దిగాలి. నాన్న తుంటి అరిగిపోయింది. ఎడమకాలు మోకాలంత ఎత్తు కూడా లేవదు.

కాబట్టి బల్ల కొంటే నాన్న ఇక నేర్పడు. అంతే. ఇది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. తుంటి మాటెత్తితే ఆయన కంచం ముందునుంచి లేచిపోతాడు. అందుకని నేను తుంటి తప్ప మిగతా కారణాలన్నీ చెప్పేదాన్ని.

"గొడుగులో ట్యాంకులు పైన రెక్కల్లో ఉంటాయి, పెట్రోలు దానంతటదే ఇంజన్‌లోకి దిగుతుంది," అన్నాను ఒకరోజు భోజనాల దగ్గర. "బల్లలో అలా కాదు. కాసేపు ఎడమ ట్యాంకు, కాసేపు కుడి ట్యాంకు అని గుర్తుపెట్టుకుని మారుస్తూ ఉండాలి. కొత్తవాడు మర్చిపోతే గాల్లో ఇంజన్ ఆగుద్ది."

"గుర్తుపెట్టుకోడం కూడా ఒక పనేనా మరదలా?" అన్నాడు బావ.

"పెట్రోల్ బంకు ఎదురుగా పెట్రోలయిపోయి కారు తోసుకున్న మనిషివి నువ్వు."

అక్క కూర గిన్నె చప్పుడయ్యేలా పెట్టింది. బావకి చీమ కుట్టినట్టు కూడా లేదు. జేబులోంచి ఫోన్ తీసి నాన్న మొహం ముందు పెట్టాడు. "చూడండి మావయ్యా. బల్ల లోపల సీట్లు. క్రీమ్ కలర్ లెదర్. బయటినుంచి చూస్తే చిన్న జెట్‌లా ఉంటుంది. గొడుగేమో పాల వ్యానుకి రెక్కలు పెట్టినట్టుంటుంది. కస్టమర్ సైకాలజీ అని ఒకటుంది. జనం కొనేది విమానం కాదు, కల."

"కలలు కావాలంటే ఇంట్లో పడుకుంటారు బావా. మా దగ్గరికి మెలకువగా ఉండటం నేర్చుకోడానికి వస్తారు."

"నీ నోటికి భయపడే సగం మంది అవతలి స్కూల్‌కి పోతున్నారు."

"మిగతా సగం బతికున్నారు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. టైల్స్ వ్యాపారం ఆయనకి చాలట్లేదు, మా మీద పడ్డాడు. నాన్న ఇద్దరి మాటా విని, చెయ్యి కడుక్కుని వచ్చి, "రెండూ చూద్దాం. చూడకుండా మాట్లాడేవాళ్ళని నేనెప్పుడూ పాస్ చెయ్యలేదు," అన్నాడు. దాంతో ఇద్దరం నోరు మూశాం. నేను కొంచెం ఆలస్యంగా మూశాను.

బల్ల ఒక పళ్ళ డాక్టరుది. ఆయన విమానాన్ని ఎగరడానికి కాదు, ఉందని చెప్పుకోడానికి కొనుక్కున్నాడు. తలుపు తియ్యగానే గుప్పున సెంటు వాసన. అద్దం దగ్గర ఒక బొమ్మ వేలాడుతోంది. పెయింటు మెరిసిపోతోంది. పైన పటారం లోన లొటారం అయ్యుంటుందని ఆశపడ్డాను. నాన్న చుట్టూ తిరిగి, అతుకుల మీద వేలు రాసి, ట్యాంకు అడుగునుంచి గాజు గొట్టంలోకి కొంచెం పెట్రోలు తీసి వెలుగులో పట్టి చూసి, "శుభ్రంగా ఉంచాడు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత ఆయన రెక్క వెనక్కి వచ్చి పిడి పట్టుకుని మెట్టు మీద కుడికాలు పెట్టాడు. ఒళ్ళు జానెడు లేచింది, దిగింది. కాలు మార్చి చూశాడు, ఎడమకాలు మెట్టు దాకా కూడా రాలేదు. మళ్ళీ కుడికాలు. మెడ మీద నరం పొంగింది. మేమంతా ఆకాశంలో ఏదో ఉన్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాం. బావ మాత్రం రెండు చేతులూ చాపి, "నేను లేపుతాను మావయ్యా, బస్తా ఎత్తినట్టు ఎత్తేస్తాను," అన్నాడు. నాన్న అతని చేతుల వంక చూశాడు. బావ చేతులు వెనక్కి తీసుకున్నాడు. నాన్న మెల్లిగా కిందికి వంగి టైరు చూడటం మొదలుపెట్టాడు. చాలాసేపు చూశాడు.

"టైరు బాగుంది. నువ్వు తిప్పి రా," అన్నాడు నాతో.

నేను ఎడమ సీట్లో, డాక్టరు కుడి సీట్లో, బావ వెనక క్రీమ్ లెదర్ మీద. చెప్పడానికి నోరు రావట్లేదు గానీ బాగా ఎగిరింది. పక్కగాలికి తొణకలేదు. తిరిగేటప్పుడు రెక్క అడ్డురాదు, తిరిగే వైపంతా కళ్ళముందే కనిపిస్తుంది. నేను ట్యాంకు మార్చబోతే డాక్టరు నా చెయ్యి ఆపి, "అక్కర్లేదమ్మా, నేనెప్పుడూ ఒక దాంట్లోనే తిప్పుతాను, గొడవుండదు," అన్నాడు. బావ వెనకనుంచి ఏదో జోకు వెయ్యబోయి, మధ్యలో ఆగి, మధ్యాహ్నం తిన్నదంతా లెదర్ మీద పెట్టాడు. కస్టమర్ సైకాలజీ.

మా స్కూల్లో ఒక పద్ధతుంది, నాన్న పెట్టింది. గాల్లో ఎవర్నీ తిట్టకూడదు. దిగాక వదలకూడదు. దిగగానే తప్పు చేసినవాడు చేతులు వెనక్కి కట్టుకుని రెక్క నీడలో నిలబడాలి, నేర్పేవాడు కడుపునిండా తిట్టాలి, అక్కడితో మర్చిపోవాలి. బల్లకి నీడలేదు కాబట్టి డాక్టర్ని ఎండలోనే నిలబెట్టాను. "ఒక ట్యాంకులోనే తిప్పుతారా? ఒక పక్క పళ్ళే తోముకోమని చెప్తారా మీ పేషెంట్లకి? ఎవరు నేర్పారండీ మీకు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన విమానం, ఆయన షెడ్డు, ఆయనిచ్చిన కూల్‌డ్రింక్ నా చేతిలోనే ఉంది. నాన్న టైరు పక్కనే కూర్చుని భుజాలు కదిలేలా నవ్వాడు.

నాలుగు రోజులాగి గొడుగు చూడ్డానికి వెళ్ళాం. అది ఒక రోడ్డు కాంట్రాక్టరుది. పెయింటు వెలిసి ఏ రంగో చెప్పలేం, ముందు సీటు చిరిగితే పాత తువ్వాలు కుట్టాడు. బావ ముక్కు మూసుకుని దూరంగా కార్లోనే కూర్చున్నాడు. కాంట్రాక్టరు మనిషి మంచివాడే, నోరు మాత్రం మూతపడదు. విమానం గురించి అడిగితే తారు గురించి చెప్తాడు, తారు గురించి అడక్కపోయినా చెప్తాడు.

నాన్న ఎడమవైపు తలుపు తీశాడు. వెనక్కి తిరిగి సీటు మీద కూర్చున్నాడు. ప్యాంటు పట్టుకుని ఎడమకాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. తలుపు వేసుకున్నాడు. అంతే, ఎవరూ పైకి చూడాల్సిన పని లేకుండా అయిపోయింది. అద్దంలోంచి నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. తువ్వాలు కుట్టిన సీటయితేనేం, ఇదే మాది అనుకున్నాను. పరిగెత్తుకెళ్ళి కుడి సీట్లో కూర్చున్నాను. కాంట్రాక్టరు వెనక సీట్లో ఎక్కి హెడ్‌సెట్ పెట్టుకుని తారు కొనసాగించాడు.

నాన్న చేతుల్లో ఆ ముసలి విమానం బుద్ధిగా లేచింది. గాలివాన తర్వాత ఆయన మొహం అలా వెలగడం అదే మొదలు.

గొడుగుతో ఒక చిక్కుంది. నువ్వు ఏ వైపు తిరుగుతావో ఆ వైపు రెక్క కిందికి వాలి, సరిగ్గా నువ్వు చూడాల్సిన చోటునే మూసేస్తుంది. అందుకని తిరిగేముందు ఆ రెక్క ఒక్కసారి పైకెత్తి, కిందనుంచి చూసి, అప్పుడు తిరగాలి. ఎత్తు, చూడు, తిరుగు. నాన్న ఈ మూడు ముక్కలు ఎంతమంది బుర్రల్లో దిగ్గొట్టాడంటే, మా స్టూడెంట్లు స్కూటర్ మీద మలుపు తిరిగినా భుజం ఎత్తి చూస్తారని అవతలి స్కూల్ వాళ్ళు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. వాళ్ళకి ఎత్తడానికి భుజాలూ లేవు, చూడ్డానికి కళ్ళూ లేవు.

కుడివైపు తిరగాలి. నేను అలవాటు కొద్దీ ముందుకు వంగి, రెక్క అంచు కిందనుంచి నా వైపు చూశాను. పసుపుపచ్చ విమానం ఒకటి, మాకంటే కొంచెం పైన, దగ్గర్లో, మా వైపే వస్తోంది. దాని చక్రాలకంటిన మట్టి కూడా కనిపించింది. నాన్న రెక్క ఎత్తుతాడు, చూస్తాడు అనుకున్నాను. ఆయన ఎత్తలేదు. నేరుగా కుడివైపు వాల్చేశాడు.

"కంట్రోల్ నాది," అన్నాను.

"నీది," అన్నాడు ఆయన, చేతులు తీసేసి.

ఎడమకి తోసి కిందికి దించాను. పసుపుపచ్చది మా నెత్తిమీదుగా పోయింది. దాని నీడ ఒళ్ళో పడి వెళ్ళిపోయింది. వెనకనుంచి కాంట్రాక్టరు, "అందుకే నేను కంకర మాత్రం సొంతంగా కొట్టిస్తానండీ," అన్నాడు. కాసేపాగి, "నీది," అని కంట్రోల్ నాన్నకి ఇచ్చేశాను. దింపడం ఆయనే దింపాడు, పువ్వు మీద చెయ్యేసినట్టు దింపాడు.

దిగాక ఆయన తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, రెక్క నీడలోకొచ్చి నిలబడ్డాడు. నేను అటు తిరిగి ఇంజన్ మూత ఎత్తి చూశాను.

"ఇంజన్ బాగుంది నాన్నా. ఎక్కడా ఆయిల్ కారట్లేదు," అన్నాను.

"ఊఁ," అన్నాడు.

ఎండ కళ్ళల్లో పడుంటుంది అనుకున్నాను. ఆ కాంట్రాక్టరు వాగుడుకి ఎవరికైనా బుర్ర పనిచెయ్యదు అనుకున్నాను. నేనుండగా ఏమవుతుంది అనుకున్నాను. కారెక్కి బావతో, "బ్రహ్మాండంగా ఉంది, నోరు మూసుకుని డ్రైవ్ చెయ్యి," అన్నాను.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఇక తేల్చేద్దాం అన్నాడు బావ. గొడుగు అన్నాను నేను. అందరం నాన్న వైపు చూశాం.

"బల్ల," అన్నాడు నాన్న.

బావ టేబుల్ మీద చరిచాడు. గ్లాసులో నీళ్ళు ఒలికాయి. "చూశావా మరదలా? అనుభవం! పెద్దవాళ్ళకి తెలుస్తుంది, కస్టమర్‌కేం కావాలో!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దాంట్లోకి నువ్వెక్కలేవు నాన్నా," అన్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ అనని మాట, కంచాల మధ్య పెట్టేశాను. అక్క నోటిమీద చెయ్యేసుకుంది. ఆయన లేచిపోతాడనే అనుకున్నాం.

"తెలుసు," అని, "ఆ కూర ఇటు జరుపు," అన్నాడు. ఇంకో రెండు ముద్దలు తిన్నాడు కూడా.

ఆ తర్వాత విమానం వచ్చేదాకా నేను నాన్నతో స్కూల్ మాటలు తప్ప మాట్లాడలేదు. ఇంత మనిషీ, ఇన్నేళ్ళు ఎగిరిన మనిషీ, అల్లుడు చూపించిన సోఫా గుడ్డకి పడిపోయాడు! బావంటే పుట్టుకతోనే అంతే అని సరిపెట్టుకోవచ్చు. నాన్న సంగతి నాకు మింగుడు పడలేదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు బావ ఊరంతా తిరిగి తన సైకాలజీ గెలిచిందని చెప్పుకున్నాడు. టైల్స్ షాపులో బల్ల ఫోటో పెట్టాడు. అక్క నాతో, "పోనీలేవే, ఆయనకి మాత్రం గెలవాలని ఉండదా?" అంది. ఆయనకి గెలవాలని ఉంటే క్యారమ్స్ ఆడుకోమను అన్నాను.

బల్ల వచ్చిన రోజు పొద్దున్నే బావ విమానం ముక్కుకి ఎర్ర రిబ్బను కట్టించాడు, ఫోటోగ్రాఫర్ని తెచ్చాడు. తనే ముందు రెక్కెక్కి నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. మొదటి పాఠానికి రావాల్సిన అమ్మాయి, బ్యాంకులో పనిచేస్తుంది, సెలవు పెట్టుకుని వచ్చి ఎండలో ఎదురుచూస్తోంది. నాన్న షెడ్డు తలుపు దగ్గర నీడలో నిలబడున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడలో హెడ్‌సెట్ లేదు. అది లేకుండా ఏరోడ్రమ్‌లో ఆయన్ని చూడటం నాకదే మొదలు.

"ఎక్కండి మావయ్యా, ఒక్క ఫోటో!" అరిచాడు బావ.

నాన్న చెయ్యి ఊపి వద్దన్నాడు. నేను ఆగలేకపోయాను, దగ్గరికెళ్ళాను.

"ఇప్పుడు తృప్తిగా ఉందా? క్రీమ్ కలర్ లెదర్?"

"మీ బావ మాట వినేంత ముసలాణ్ణి కాలేదింకా."

"మరెందుకు కొన్నట్టు?"

"ఎక్కగలిగేది కొంటే ఎక్కకుండా ఉండలేను. అందుకు."

అర్థం కానట్టు నిలబడదామనుకున్నాను, కుదర్లేదు. "ఆ రోజు ఎండ కళ్ళల్లో పడింది నాన్నా. ఎవరికైనా..."

"ఎండ వెనకనుంచి వచ్చింది."

"ఒక్కసారి మర్చిపోతే..."

"ఒక్కసారి కాదు. గాలివానకి ముందు కూడా మర్చిపోయాను. అప్పుడు ఎదురుగా ఎవరూ లేరు, పక్కనున్న స్టూడెంటుకి నా తప్పు పట్టుకునేంత చదువు రాలేదు. అంతే తేడా."

ఫోటోగ్రాఫర్ బావని గడ్డం ఎత్తమంటున్నాడు. నేను నాన్న దగ్గరికి ఇంకో అడుగు వేశాను. "నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పొచ్చుగా?" అన్నాడు నాన్న. కోపంగా కాదు, మామూలుగానే. "పళ్ళ డాక్టర్ని ఆయన షెడ్డు ముందే నిలబెట్టి కడిగేశావు. మీ బావని మూడు పూటలా తిడతావు. బాగా వచ్చినవాళ్ళని కూడా ఏడిపిస్తావు. నేను దిగి, రెక్క నీడలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. నువ్వేమో ఇంజన్ బాగుందన్నావు."

నేను షెడ్డు తలుపు గొళ్ళెం తిప్పుతూ నిలబడ్డాను.

"తిడతావని చూశాను," అన్నాడు. "తిట్టుంటే, సరే, ఇంకా నేర్చుకోవచ్చనుకునేవాణ్ణేమో. పనైపోయినవాణ్ణే మనం ఏమీ అనం."

"నాన్నా..."

"కానివ్వు. ఇప్పుడైనా కానివ్వు."

చేతులు వెనక్కి కట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. నాకంటే జానెడు పొడుగు మనిషి. నేను నోరు తెరిచాను. "రెక్క ఎత్తకుండా తిప్పుతావా? కళ్ళెక్కడ పెట్టుకున్నావు? వెనక ఒక మనిషి కూర్చున్నాడు, ఆయనకి ఇల్లుంది, పెళ్ళాముంది, ఆయన తారు ఆయనకుంది, గుర్తుందా నీకు? నేనున్నాను పక్కన, నేను! ఎత్తు, చూడు, తిరుగు, మూడే ముక్కలు, మూడు ముక్కలు గుర్తుండవా? ఎవరు నేర్పారు నీకు?" అన్నాను. ఆ చివరి మాట అలవాటుకొద్దీ వచ్చేసింది. అందర్నీ అదే అడుగుతాను. వచ్చేశాక వెనక్కి తీసుకోలేక ఏడ్చాను.

నాన్న తలొంచుకుని అంతా విన్నాడు. "అయిందా?" అన్నాడు.

"అయింది."

"అయితే వెళ్ళు. ఆ అమ్మాయి ఎండలో నిలబడుంది."

మొహం తుడుచుకుని వెళ్ళాను. బావ రెక్క మీదే ఉన్నాడు, నడవాల్సిన నల్లపట్టీ దాటి, బూట్లతో, పెయింటు మీద. నన్ను చూసి మీసం దువ్వుకున్నాడు. "ఏమంటున్నారు మావయ్య? నా సెలక్షన్ నచ్చిందటా?"

"దిగు బావా," అన్నాను. ఆ పూటకి ఎవర్నీ తిట్టడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.